గాయమును మాన్పు పనివారు

మా ఆదోనిలో ప్రత్తికి కొదువ లేదు. దసరా దాటినది మొదలు పల్లెలనుండి వచ్చు సరకుతో మార్కెట్టు యార్డు తెల్లబడును. జిన్నింగు మిల్లుల ప్రక్కగా నడచినచో తలమీదను చీరమీదను నూగు వాలును. ఎండిన ప్రత్తికాయ పెంకులెంత వాడియైనవో చేనులో ప్రత్తి యేరు స్త్రీల వ్రేళ్ళను చూచినవారికి దెలియును. గోళ్ళ మూలల చీరికలు లేని చేయి ఆ దినములలో నరుదు. నెత్తురు వచ్చినప్పుడు వారు ఒడిలోని ప్రత్తి చిటికెడు తీసి గాయముపై నొత్తి మరల పనిలో బడుదురు. కత్తిపీటకు వ్రేలు తెగినప్పుడు మనము పసుపు నద్దుటయు నిట్టిదే. నెత్తురు నిలిచినది గనుక పని తీరినదని తలంతుము. నిజమునకు గాయము మాన్పు పని యప్పుడే మొదలగును.

ఆ పని చేయువారు మన రక్తములోని తెల్లకణములు. గాయము తగిలిన కొన్ని గంటలకే న్యూట్రోఫిల్లులను కణములు రక్తనాళముల గోడలను దాటి అచ్చటికి జేరును. ఎముకల మూలుగలో ఇవి దినమునకు దాదాపు 10,000 కోట్లు పుట్టుచుండును. వీని యాయువు స్వల్పము. లోన జొరబడిన క్రిములను మ్రింగి చంపి, తామును చచ్చును. మన మేవగించుకొను చీము చాలవఱకు వీని కళేబరములే. గాయము చుట్టును కొంచెము ఎఱ్ఱబడుట, వెచ్చబడుట, వాచుట మొదటి రెండు మూడు దినములలో కీడు గాదు. రక్షకులు వచ్చిన గుర్తులవి. వాపు నానాటికి ప్రాకినను, జ్వరము తగిలినను సంగతి వేఱు. అప్పుడు వైద్యుని యొద్దకు బోవలసినదే.

రెండు మూడు దినములకు మాక్రోఫేజులను పెద్ద కణములు వచ్చును. ఆ పేరునకు పెద్ద తిండిపోతు అని యర్థము. కణములిట్లు పరాయి వస్తువులను చుట్టుముట్టి మ్రింగునని కనిపెట్టినవాడు మెచ్నికాఫ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు. 1882లో నాతడు ఇటలీలోని మెస్సీనాలో నుండెను. ఇంటివారందఱు సర్కసు చూడబోయిన వేళ నొంటరిగా గూర్చుండి సూక్ష్మదర్శినిలో నక్షత్రపు చేపల పిల్లలను చూచుచుండగా నీ యాలోచన తట్టెనట. వెంటనే తోటలోని గులాబి ముల్లును దెచ్చి యొక పిల్ల దేహములో గ్రుచ్చెను. మఱునాటి యుదయమునకు కణములు ముల్లు చుట్టును మూగియుండెను. 1908లో నాతనికి నోబెల్ బహుమానము వచ్చినది. సర్కసునకు బోయినవారు తిరిగివచ్చి యేమనిరో యెవరును వ్రాసినట్లు లేదు!

ఈ తిండిపోతులు ఊరక మ్రింగి యూరకుండవు. చచ్చిన న్యూట్రోఫిల్లులను, చితికిన మాంసమును ఎత్తిపోసిన పిమ్మట తమ స్వభావమునే మార్చుకొనును. అంతవఱకు పోరినవి యిక గట్టుబడికి దిగి, క్రొత్త రక్తనాళములు మొలచుటకును, చర్మపు నారలు నేయు కణములు చేరుటకును కబురు పంపును. 1975లో లీబోవిచ్, రాస్ అనువారు గినీపందులలో నీ మాక్రోఫేజులను తగ్గించి చూడగా, గాయములలోని చెత్త తొలగక, మానుట మిక్కిలి యాలస్యమాయెను.

మన పెద్దవాండ్ర చేతులపై నుండు పచ్చబొట్టును వీని చలువయే. సూదిపోటుతో లోనికి బోయిన రంగును మాక్రోఫేజులు మ్రింగును గాని యరిగించుకొనజాలవు. ఒకటి చచ్చి రంగును విడువగా మఱియొకటి దానిని మ్రింగునని 2018లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ఎలుకలలో జూపిరి. పదేండ్లనాడు పొడిపించుకొన్న తేలు బొమ్మ ముసలితనమున గూడ నిలుచుట కిదియే కారణము.

ప్రత్తి సంగతియు నట్టిదే. ప్రత్తిపోగును కరగించు శక్తి మన దేహమున కెక్కడను లేదు. గాయములో నిలిచిన నూగును మాక్రోఫేజులు మ్రింగబోయి, కానక, పలుకణములు కలిసి యొకే పెద్ద కణమై దానిని చుట్టుకొని కూర్చుండును. పైన చర్మము మూసికొన్నను లోపల గడుపు నిలువవచ్చును. చేని ప్రత్తితో మట్టియు, ధనుర్వాతపు క్రిములును గూడ రావచ్చును. అంగడి దూదియైనను పచ్చిగాయమున కంటింపరాదు. నీళ్ళతో బాగుగ గడిగి, శుభ్రమైన పలుచని గుడ్డ వేసి, దూది దానిపై నుంచవలెను.

మా పినతల్లిది ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును నెలకొల్పిన ఊరది. ఆమె గుంటమగ్గముపై నలువది యేండ్లు నేసినది. చక్కెర వ్యాధి వచ్చి పదేండ్లు దాటినది. తొక్కుడు పలక యొరసి బొటనవ్రేలి క్రింద చిన్న పుండు పడినది. పసుపు పెట్టి, ప్రత్తి యొత్తి, గుడ్డ చుట్టి మరల మగ్గములో దిగెడిది. రెండు నెలలకు మేము చూడబోవునప్పటికి పుండు రూపాయి బిళ్ళంతయైనది. మేము కంగారుపడగా, "నొప్పే లేదు గదమ్మా, నొప్పి లేని పుండునకు మందెందుకు?" అని నవ్వినది.

నొప్పి లేకపోవుటయే ముప్పు. ఈ వ్యాధిలో పాదముల నరములు మొద్దుబారును. సన్నని నాళములలో రక్తము చాలినంత పాఱదు. అంతకన్న వింత యేమనగా, రక్తములో చక్కెర మితిమీరినచోట మాక్రోఫేజులు పోరు మాని కట్టుబడికి మరలవు. శత్రువు పోయినను కత్తి దింపని బంటువలె, తాము కాపాడవలసిన మాంసమునే కొఱుకుచుండును. పుండు నెలల తరబడి తొలి దినముల యవస్థలోనే నిలిచిపోవును. దృష్టి తగిలినదని ఇరుగుపొరుగువారు దిష్టి తీయించిరి. దానివలన కీడు లేదు గాని దినములు గడచిపోయినవి.

వైద్యుడు బొటనవ్రేలు తీయవలసివచ్చినదనెను. తీసిరి. పాదము దక్కినది. చచ్చిన మాంసమును గోసి, చక్కెరను సూదిమందుతో నదుపులోనికి దెచ్చి, ఆ కాలిపై బరువు మోపవలదని కట్టడి చేసిరి. పినతల్లికి మూడవదే కష్టమైనది. మగ్గము దిగుట యన్న మాటకే కన్నీరు పెట్టుకొనినది. నాలుగవ నెలలో గాయపు టంచులనుండి లేత గులాబిరంగు చర్మము లోనికి ప్రాకి వచ్చెను. మానిన చర్మము మునుపటి బలమునకు పూర్తిగా నెన్నడును రాదు.

ఇప్పుడామె అరుగుపై గూర్చుండి కండెలు చుట్టును. రాత్రి పండుకొనబోవుముందు మనుమరాలు అద్దము పట్టి అరికాళ్ళు చూచును. మొన్న మడమ ప్రక్క చిన్న పగులు కనబడినదట. మఱునాడే పోయి చూపించుకొని వచ్చిరి.