నలువదియెనిమిది అంకెలు

దసరా సెలవులకు మేమిరువురు అన్నదమ్ములము హాస్టలు విడిచి యింటికి పోవుసరికి పడమటి గదిలో బల్లమీద క్రొత్త కంప్యూటరు కనబడెను. మా యూరు కోనసీమలోని యొక లంక. పంటుమీద గోదావరి దాటి చేరవలసిన చోటు. అట్టి యింటికి కంప్యూటరు వచ్చుట మాటలా! మా యక్క కళాశాలలో చేరిన పిదప, అక్కడివారు వ్రాతపనులన్నియు కంప్యూటరుమీదనే చేసి పంపవలయుననిరట. నాన్నగారు ఆ యేటి కొబ్బరికాయల సొమ్ము చాలక, ఇంటి పెయ్యను గూడ అమ్మి దానిని కొని తెచ్చిరి. అమ్మ దానిపై దుమ్ము పడకుండ పాతచీర ముక్క నొకదానిని కప్పెను. దొడ్డిలో పెయ్యను కట్టిన గుంజ వట్టిదిగా నిలిచియుండెను. ఆ సంగతి అప్పుడు మేమంతగా తలపోయలేదు.

మా కోరిక వేరు. మా పాఠశాల కంప్యూటరు గదిలో, విండోసు మోయలేక మూలబడిన ముసలి యంత్రములు కొన్ని కలవు. లెక్కల మాస్టరుగారు వానిలో లినక్సు నెక్కింపగా అవి తిరిగి లేచి నేటికిని నడచుచున్నవి. దీనిని గూర్చి తెలియని తమ్ములకు రెండు మాటలు చెప్పెదము. 1991వ సంవత్సరమున ఫిన్‌లాండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయములో విద్యార్థిగా నుండిన లినస్ టోర్వాల్డ్సు, తాను క్రొత్తగా కొన్న కంప్యూటరుపై వ్రాయ మొదలిడిన ప్రోగ్రామే దీనికి బీజము. దానిని ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పరులకు పంచవచ్చును. అట్టి లినక్సును, దానితోడి పరికరములను ఒక్కటిగా కూర్చి యిచ్చు సంఘములు పెక్కు కలవు. 1993లో ఈయన్ మర్డాక్ ఆరంభించిన డెబియన్ వానిలో నొకటి. ఆయన, తరువాత తనకు భార్యయైన డెబ్రా పేరును తన పేరును కలిపి ఆ నామము పెట్టెను. మాస్టరుగారి యొద్దనుండి డెబియన్ 12 నింపిన పెన్‌డ్రైవును అడిగి తెచ్చుకొంటిమి. ఎందుకు తెచ్చితిమో ఇంటిలో నెవ్వరికిని చెప్పలేదు.

క్రొత్త కంప్యూటరనగా క్రొత్త పలకవంటిదని తలచితిమి. అది పొరపాటు. దుకాణమునుండి వచ్చునప్పటికే అందు విండోసు నిండియుండెను. దానివెంట మేమడుగని సామగ్రియు చాల నుండెను. వ్రాతపనికి ఇచ్చిన ప్రోగ్రాము నెల దాటిన పిమ్మట వెల యిమ్మని రోజుకొకమారు హెచ్చరించుచుండెను. విండోసును తీసివేయక, దాని ప్రక్కనే డెబియన్‌ను నిలిపి, అందులోని లిబ్రే ఆఫీసుతో అక్కకు ఖర్చులేని వ్రాతబల్ల నమర్చి మెప్పు పొందవలయునని మా యుద్దేశము.

ఒకనాటి మధ్యాహ్నము నాన్నగారు రేవునకు పోయిరి. అక్క పొరుగింట నుండెను. మేము తలుపు చేరవేసి పని మొదలిడితిమి. మేము చదివిన యొక పాత వ్యాసములో, సెక్యూర్ బూట్ అను కావలిని ముందు తొలగింపవలయునని యుండెను. గుర్తింపులేని ప్రోగ్రాములను ఆరంభములోనే అడ్డుకొనుట ఆ కావలి పని. నిజమునకు 2019లో వచ్చిన డెబియన్ 10 మొదలుకొని ఆ కావలి యుండగనే డెబియన్ ప్రవేశింపగలదు. మా వ్యాసము అంతకు మునుపటిది. దానిని నమ్మి, కంప్యూటరు లేచునప్పుడు మీట నొక్కి లోపలి సెట్టింగులలో జొరబడితిమి. కావలిని తొలగించి యంతటితో నూరకుంటిమా? లేదు. ఆ ప్రక్కనే టీపీఎం అను భద్రతా చిప్పును తుడిచివేయుమా యని యొక ప్రశ్న కలదు. తుడుచుట యనగా శుభ్రపరచుటయే గదా యని ఔనంటిమి.

కంప్యూటరు మరల లేచెను. నీలపు తెర యొకటి నిలిచెను. నలువదియెనిమిది అంకెల తాళపుచెవిని చెప్పిననేగాని లోపలికి పోనీయననెను.

డిస్కు మీది వ్రాతయంతయు గూఢలిపిలో నున్నదనియు, దానిని విప్పు రహస్యమును దాచియుంచినది ఆ చిప్పేయనియు మాకు తెలియదు. తుడిచినది దానినే. మిగిలిన దారి యా యంకెలే. అవి మైక్రోసాఫ్టు ఖాతాలో భద్రమై యుండును. ఖాతా ఎవరిది? నాన్నగారికి ఈమెయిలు లేనందున, దుకాణములోని కుర్రవాడు తన యీమెయిలుతోనే యంత్రమును సిద్ధపరచి యిచ్చెనట. వెల మాది, తాళపుచెవి అతనిది!

అక్క వచ్చెను. తెర చూచెను. కోపపడలేదు. "నా వ్యాసమేదిరా?" అని మాత్ర మడిగెను. కొబ్బరి పీచు పనివారిని గూర్చి ఇల్లిల్లు తిరిగి విచారించి వ్రాసిన నలువది పుటలు అందున్నవి. నాలుగు దినములలో పంపవలయును. వేరొకచోట ప్రతి లేదు. మేమేమియు బదులు చెప్పలేకపోతిమి. నాన్నగారు రాత్రి భోజనమువేళ సంగతి విని, చేయి కడుగుకొని, దొడ్డిలోనికి పోయి చాలసేపు తిరిగి రాలేదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. టోర్వాల్డ్సు కూడ ఒకమారు టెలిఫోను తీగకు పంపవలసిన ఆజ్ఞలను పొరబాటున డిస్కుమీదికి పంపి, తాను వాడుచున్న మినిక్సు అను వ్యవస్థను పాడుచేసికొనెనని మాలో పెద్దవాడు చెప్పెను. ఆ నష్టమే ఆయనను పూర్తిగా లినక్సువైపు త్రిప్పినదట. "ఆయనది ఆయన యంత్రము. ఇది పెయ్య వెల" అని చిన్నవాడనెను. ఊరట కొరకు తెచ్చిన కథ అక్కడితో ఆగిపోయెను.

మరునాడు నాన్నగారు దుకాణమునకు ఫోను చేసిరి. కుర్రవాడు మంచివాడే. అతని ఖాతాలో ఎందరో కొనుగోలుదారుల తాళపుచెవులు పోగుపడియున్నవి. మా తెరమీది గుర్తులోని మొదటి యెనిమిది అక్షరములను బట్టి మాదానిని వెదకి, ఆరేసి యంకెల చొప్పున ఎనిమిది వరుసలు చదివెను. నాన్నగారు "మెల్లగా బాబూ" అనుచు కొబ్బరికాయల లెక్కపుస్తకములో వ్రాసికొనిరి. నాలుగు వరుసలు సాగినవి. అయిదవ వరుస 235132 అని కొట్టగా యంత్రము ఒప్పుకొనలేదు. మరల ఫోను చేయగా, మూడు కాదు, ఏడట. 275132 అని దిద్దగా అంగీకరించెను.

ఇది యెట్లు పట్టెనో సెలవుల తరువాత మాస్టరుగారు చెప్పిరి. ఈ తాళపుచెవిలోని ప్రతి వరుసయు 11చే నిశ్శేషముగా భాగింపబడునట్లు కూర్తురట. ఒకటి, మూడు, అయిదవ స్థానముల అంకెలను కూడుడు: 2, 5, 3 కలిసి 10. రెండు, నాలుగు, ఆరవ స్థానములవి 7, 1, 2 కలిసి 10. సమానము గనుక సరిపోయెను. 7 స్థానమున 3 ఉన్నచో 6 మాత్రమే వచ్చును. ఎనిమిదవ తరగతిలో మేము విసుగుకొన్న లెక్క మా యింటికి వచ్చి మమ్ము కాచెను.

తలుపు తెరచుకొనెను. చిప్పు తుడిచినందున మునుపటి పిన్ను చెల్లలేదు. దానిని మార్చుటకును ఆ కుర్రవాని పాస్‌వర్డే కావలసెను. అక్క నలువది పుటలను ముందుగా వేరొక పెన్‌డ్రైవులోనికి ఎక్కించి, దానిని కొంగున ముడివైచుకొనెను. ఇక డెబియన్ మాట యెత్తుటకు మాకు నోరు రాలేదు. నాన్నగారే యడిగిరి: "ఇకమీదటను తాళపుచెవి ఆ దుకాణములోనే యుండునా?"

ఆ ప్రశ్నతో పని మరల మొదలయ్యెను. ఈమారు నలుగురము కూర్చుంటిమి. అక్క పేర ఈమెయిలు తెరచి యంత్రమును ఆ ఖాతాకు మార్చితిమి. గూఢలిపిని పూర్తిగా విప్పించితిమి. యంత్రము దొంగచేత పడినచో అందున్నది ఎవరైనను చదువవచ్చునని చెప్పియే అక్క ఒప్పుదల పొందితిమి. సెక్యూర్ బూట్ కావలిని దాని చోట నిలిపితిమి. విండోసునకున్న స్థలమును అందులోని పరికరముతోనే కుదించి, మిగిలినచోట డెబియన్‌కు తావిచ్చితిమి. డెబియన్ మొదటనే భాష యేది యని యడుగును. తెలుగు నెన్నుకొంటిమి. నీలపు తెరను చదువలేకపోయిన నాన్నగారు ఈ తెరలను కండ్లద్దాలు పెట్టుకొని వరుసగా చదివిరి. మార్పులను డిస్కుపై వ్రాయవచ్చునా యని అది చివర నడిగినప్పుడు, మేమెవ్వరమును మీటను ముట్టలేదు. అక్క కొంగు ముడిని తడవి చూచుకొని, తానే ఔనని నొక్కెను.

వ్యాసము గడువునకు ఒకదినము ముందే పోయెను. లిబ్రే ఆఫీసులో పుటల అంచులు కొంత చెదరగా, దిద్దుటకు మాకొక పూట పట్టెను. ఆ శిక్ష తక్కువేయని అమ్మ యనెను.

ఆ నలువదియెనిమిది అంకెలు ఇప్పుడే తలుపును తీయవు. అయినను నాన్నగారు వానిని కొట్టివేయలేదు. లెక్కపుస్తకములో అయిదవ వరుసలోని మూడు ఏడుగా దిద్దియున్నది. దాని క్రింద, ఆ వారము దింపిన కాయల లెక్క.