సున్నకును ఒకటికిని నడుమ

కళాశాలలో చేరిననాడు దరఖాస్తులోని "మాతృభాష" అను గడి యొద్ద నా కలము నిలిచిపోయినది. అబ్బాజాన్ మాట ఉర్దూ. అమ్మ పుట్టినింటి మాట తెలుగు. నాకు రెండును ఉగ్గుపాలతో వచ్చినవే. ఒక్కటే వ్రాయవలెనన్నారు. ఉర్దూ అని వ్రాసితిని. అమ్మకు ద్రోహము చేసినట్లనిపించినది.

ఆ వెలితిని తీర్చినది గణితశాస్త్రము. మనము చదువుకొనిన సమితి సిద్ధాంతములో మూలకము సమితిలో ఉండును, లేదా ఉండదు. 1965లో లోత్ఫీ జాదే ఈ కట్టడిని సడలించెను. బాకూలో జన్మించి, అమెరికాలో బర్క్‌లీయందు ఆచార్యుడైన ఆయన, ప్రతి మూలకమునకును 0 మొదలు 1 వరకు ఒక సభ్యత్వ ప్రమాణము నొసగెను. ఇదియే అస్పష్ట సమితి. పేరు అస్పష్టమేగాని లెక్క స్పష్టము.

అంతకుమునుపే, 1934లో, ఫ్రెంచి గణితజ్ఞుడు ఫ్రెడెరిక్ మార్టీ మరియొక ముడి విప్పెను. సాధారణ గ్రూపులో రెండు మూలకములను కలిపినచో ఒకే మూలకము వచ్చును. ఆయన హైపర్‌గ్రూపులో ఒక సమితియే రావచ్చును. ఇట్టి ఫలితమునకు రక్తవర్గములు చక్కని పోలిక. ఏ, బి వర్గముల దంపతులకు కలుగు బిడ్డ ఏ, బి, ఏబి, ఓలలో ఏ వర్గమైనను కావచ్చును. పిదప వచ్చినవారు ఈ రెండు భావములను జోడించి, ఫలసమితిలోని ప్రతి మూలకమునకును ప్రమాణము నిచ్చిరి. ఇది సంభావ్యత కాదు. "ఎంత అవకాశము" అని గాక "ఎంత మేరకు" అని చెప్పును.

ఉర్దూ వారిలో నా ప్రమాణము 0.8, తెలుగు వారిలో 0.9 అనుకొందును. ఆ రెంటి మొత్తము ఒకటే కావలెనను నియమము అస్పష్ట సమితులలో లేదు. ఒక భాషలో పెరుగుటకు మరియొక భాషలో తరుగనక్కరలేదు. ఆ గడి నేటికిని చిన్నదే. నేను మాత్రము అందులో ఇముడుటకై కుదించుకొనుట మానితిని.