పాటలను దాచుకొను విధము

పాటలను వినుట యెల్లరకును ప్రియమే. వానిని దాచుకొనుట మాత్రము కొందఱే యెఱుగుదురు. మేమును ఎఱుగుదుమనియే చాలకాలము భ్రమపడితిమి. ఆ భ్రమ యెట్లు తొలగెనో, అందులకు మేమెంత మూల్యము చెల్లించితిమో సోదర విద్యార్థులకు విన్నవింపవలెనని యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మా అమ్మమ్మగారు కృష్ణా డెల్టాలోని యొక పల్లెలో కాపురముండిరి. ఆమెకు చదువు రాదు. పాటలకు మాత్రము కొఱత లేదు. లాలిపాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు, దంపుళ్ల పాటలు ఆమెకు కంఠస్థములు. "ఊర్మిళాదేవి నిద్ర" యను స్త్రీల పాట నామె యెత్తుకొన్నచో ఇరుగుపొరుగు స్త్రీలు పనులు మాని వచ్చి అరుగుమీద కూర్చుండెడివారు. 1991వ సంవత్సరమున మా మేనమామగారు టేపురికార్డరు నామె ముందుంచి, 60 నిమిషముల క్యాసెట్టు నిండువఱకు పాడించిరి. క్యాసెట్టునకు రెండు ముఖములు. ఒక్కొక్క దానికి 30 నిమిషములు. ఊర్మిళాదేవి పాట మొదటి ముఖము చివర నారంభమై, టేపు చాలక నడుమ నిలిచి, రెండవ ముఖమున కొనసాగినది. క్యాసెట్టును త్రిప్పి పెట్టునంతసేపును అమ్మమ్మగారు చేతులు ముడుచుకొని మౌనముగా వేచియుండిరని మామయ్యగారు చెప్పెడివారు.

2006లో మా యింటికి కంప్యూటరు వచ్చెను. అప్పటికే క్యాసెట్టులోని స్వరము వణక నారంభించినది. టేపురికార్డరు ఇయర్‌ఫోను రంధ్రమునుండి కంప్యూటరు వెనుకనున్న లైన్-ఇన్ రంధ్రమునకు తీగ కలిపి, ఆడాసిటీ యను ఉచితమగు ప్రోగ్రామును తెఱచి, రికార్డు మీట నొక్కితిమి. ఈ పనికి త్వర పనికిరాదు. 60 నిమిషముల పాటకు 60 నిమిషములును పట్టును. మా మాటలు తీగలోనికి పోవని తెలిసియు, ఆ గంటసేపు ఇంటిలో నెవ్వరును నోరు మెదపలేదు.

కంప్యూటరు ధ్వనిని అంకెలుగా వ్రాసికొనును. కాంపాక్ట్ డిస్కు పద్ధతిలో సెకనునకు 44,100 మారులు ధ్వనిని కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో, కుడియెడమలకు వేఱువేఱుగా లిఖించును. ఈ లెక్కన గంట పాటకు సుమారు 635 మెగాబైట్ల చోటు కావలెను. జర్మనీ దేశమందలి ఎర్లాంగెన్ నగరములో ఫ్రాన్‌హోఫర్ సంస్థ పండితులు ముఖ్యులుగా రూపొందించిన పద్ధతి యీ బరువును తగ్గించినది. పెద్ద ధ్వని చాటున మఱుగుపడి చెవికి సోకని చిన్న ధ్వనులను ఆ పద్ధతి విడిచివేయును. 1995 జూలైలో అట్టి ఫైళ్లకు ఎంపీ3 యను తోకపేరు నిర్ణయింపబడెను. సెకనునకు 128 కిలోబిట్ల చొప్పున అదే గంట పాట సుమారు 58 మెగాబైట్లలో నిముడును. అనగా పదునొకండవ వంతు. కాని దంచిన బియ్యము మరల వడ్లు కానట్లే, విడిచిన ధ్వనులు మరల రావు. అందుచే రెండు ముఖములకును రెండు పెద్ద ఫైళ్లను యథాతథముగా నుంచి, వేఱుగా 14 చిన్న ఎంపీ3 ఫైళ్లను చేసితిమి.

వానికి కంప్యూటరు పెట్టిన పేర్లు "ట్రాక్ 1", "ట్రాక్ 2" అనునవి. అమ్మమ్మగారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక్కొక్క పాట వినిపించి పేరడిగితిమి. "ఇదంతా నా గొంతేనా నాయనా?" అని యామె మొదట వెఱగుపడి, పిమ్మట పేర్లన్నియు చెప్పిరి. మేము వానిని నోటుపుస్తకమున వ్రాసికొని ఫైళ్లలో చేర్చితిమి. ఇందొక చిక్కు వచ్చినది. ఐడీ3 అను పట్టీ యొక్క తొలిరూపములో పాట పేరునకు 30 బైట్ల చోటు మాత్రమే యుండును. యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతము 3 బైట్లను ఆక్రమించును. కావున పది సంకేతములు దాటగానే పేరు తెగి, "ఊర్మిళాదేవ" అని మిగిలెను. చివర గుడియు పోయెను, నిద్రయు పోయెను. మేమది చెప్పగా అమ్మమ్మగారు నవ్వి, "నిద్రే పోయాక ఇంక పాటేముంది నాయనా!" అనిరి. పట్టీ యొక్క రెండవ రూపమున ఈ యిఱుకు లేదు. దానిలో పేరు పూర్తిగా వ్రాసితిమి.

అటుపిమ్మట రెండు పెద్ద ఫైళ్లను 700 మెగాబైట్ల డిస్కుపై వ్రాసి రాజమహేంద్రవరములోని మా పిన్నిగారికి పంపితిమి. చిన్న ఫైళ్లను జేబులో పట్టు పాటల యంత్రములోనికి ఎక్కించుకొంటిమి. 2008లో అమ్మమ్మగారు స్వర్గస్థులైరి. ఆమె స్వరము మా జేబులో నున్నదను ధైర్యము మాకుండెను.

2010లో కంప్యూటరు హార్డ్ డిస్కు నిండిపోయెను. పాటలు యంత్రములో నున్నవి గదా యని మేము వాని నన్నిటిని తుడిచివేసితిమి. మఱి కొన్ని నెలలకు ఆ కంప్యూటరు నమ్మివేసి క్రొత్తది కొంటిమి. పాటల యంత్రమును దానికి తగిలింపగా, "ఈ యంత్రములోని వానిని తుడిచి, ఈ కంప్యూటరుతో సింక్ చేయవలెనా?" యను అర్థమిచ్చు ఆంగ్లవాక్యము కనబడెను. సింక్ అనగా నకలు తీయుటయే యని తలచి, పూర్తిగా చదువక, సరే యని నొక్కితిమి. క్షణములో యంత్రము ఖాళీ యయ్యెను.

తప్పు యంత్రముది కాదు. అది అడిగియే చేసినది. నకలు తీయుట వేఱు, సింక్ చేయుట వేఱు. నకలు తీసినచో ఒకటి రెండగును. సింక్ చేసినచో రెండవది మొదటిదానివలె నగును. మొదటిది నిండుగ నున్న నిండును. అది శూన్యమైనచో ఆ శూన్యమే రెండవదానికిని సంక్రమించును. ఈ యొక్క మాట తెలియక మేము అమ్మమ్మగారి స్వరమును మా చేతులతోనే తుడిచివేసికొంటిమి.

క్యాసెట్టుకొఱకు అటక యెక్కితిమి. అది బూజుపట్టి యుండెను. త్రిప్పగానే టేపు తెగి ముద్దయ్యెను. తుడిచిన ఫైలుపై మఱియొకటి వ్రాయబడనంతవఱకు దానిని తిరిగి పొందుటకు అవకాశము గలదని వింటిమి గాని, ఆ పాత కంప్యూటరు మా చేయి దాటిపోయినది. పిన్నిగారి డిస్కు ఒక్కటియే గతి. డిస్కుపై వ్రాత లోపలినుండి వెలుపలికి సాగును. లోపలి సగము చక్కగా నున్నది. మొదటి ముఖము దొరకినది. వెలుపలి సగమంతయు గీతలు. ఎన్ని మారులు పెట్టినను రెండవ ముఖము రాలేదు. ఊర్మిళాదేవి పాట సగములో నాగిపోయెను.

మేము టెలిఫోనులో కంటతడి పెట్టగా పిన్నిగారు, "ఒరే, దానికి ఏడుస్తావేంట్రా? మిగతాది నాకు వచ్చుగా. అమ్మ మా ముగ్గురికీ నేర్పింది. ఒక్కరి నోట్లో ఉంటే పాట నిలవదని ఎప్పుడూ అనేది" అనిరి. 2011 సంక్రాంతికి ఆమె మా యింటికి వచ్చి, అదే విధముగా చేతులు ముడుచుకొని కూర్చుండి, అమ్మమ్మగారు ఆపినచోటనే యెత్తుకొని తుదివఱకు పాడిరి. రెండవ ముఖమందలి మఱి నాలుగు పాటలును ఆమెకు వచ్చును. తక్కిన రెండు పాటలు మా కుటుంబమున నెవ్వరికిని రావు. వాని పేర్లు మాత్రము మా నోటుపుస్తకములో నున్నవి.

రెండు సగములను కలిపి యొక్క ఫైలుగా చేయుట సులభమే. మేము చేయలేదు. మొదటిదానిపై అమ్మమ్మగారి పేరును, రెండవదానిపై పిన్నిగారి పేరును వ్రాసి, ఒకే ఫోల్డరులో ప్రక్కప్రక్కన నుంచితిమి.

ఇప్పుడు మా పాటలకు మూడు ప్రతులు గలవు. ఒకటి కంప్యూటరులో, ఒకటి వేఱు హార్డ్ డిస్కులో, ఒకటి పిన్నిగారి యింట. ఏడాదికొకమారు మూడింటిని తెఱచి విందుము. వినని ప్రతి యున్నదో లేదో చెప్పజాలము గదా. సోదరులారా, మీ యిండ్లలోను ఇట్టి స్వరములుండును. వానిని నేడే కంప్యూటరున కెక్కింపుడు. పాడినవారుండగనే పేర్లడిగి వ్రాసికొనుడు. ఒకటి తుడుచునప్పుడు మఱియొకటి యెచ్చట నున్నదో కన్నులార చూచి తుడువుడు. తెరమీది ప్రశ్నను చివరివఱకు చదివి బదులిండు. ఇన్నిటితో పాటు, ఒక్క పాటనైనను నోటికి నేర్చుకొనుడు. మేమా రెండవ సగమును పిన్నిగారివద్ద నేర్చుకొనుచున్నాము.