ఏథెన్సు నుంచి రెండు ఉత్తరాలు

ఏథెన్సు, సోమవారం

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడి జాతీయ పురావస్తు మ్యూజియంలో సన్నటి మెడ ఉన్న తెల్లటి మట్టి కూజాలున్నాయి. క్రీ.పూ. 5వ శతాబ్దంలో చనిపోయినవాళ్లకు నూనె సమర్పించడానికి చేసినవి. కొన్నిటి మీద రెక్కలున్న బుల్లి మనుషులు ఈగల్లా ఎగురుతుంటారు. అవే ఆత్మలు. గ్రీకులో ఆత్మను ‘ప్సూఖే’ అంటారు. సైకాలజీ అనే మాటకు మూలం అదే. ఊపిరి అనేది దాని పాత అర్థం. అరిస్టాటిల్ సీతాకోకచిలుకనూ ఆ పేరుతోనే పిలిచాడు.

హోమర్ దృష్టిలో ఆ ఊపిరి ఎంత బలహీనమో! ఒడిస్సియస్ మృతుల లోకంలో తల్లిని మూడుసార్లు కౌగిలించుకోబోతాడు. మూడుసార్లూ ఆమె నీడలా జారిపోతుంది.

ఏథెన్సు, గురువారం

పాత నగరపు సంత అయిన అగోరాకు నైరుతిలో ఒక పాత భవనం పునాదులున్నాయి. క్రీ.పూ. 399లో సోక్రటీస్ విషం తాగిన జైలు అదేనని చాలామంది నమ్మకం. ఆ చివరి రోజు సంభాషణను ప్లేటో ‘ఫీడో’లో రాశాడు. ఆత్మకు చావు లేదని గురువు అంటుంటే శిష్యులు తలూపి ఊరుకోలేదు. వీణలాంటి లైరును విరగ్గొడితే శ్రుతి ఎక్కడ మిగులుతుందని సిమ్మియాస్ అడిగాడు. నేతగాడు ఎన్ని వస్త్రాలు నేసి చించినా ఆఖరి వస్త్రం అతని తర్వాతా ఉంటుంది కదా అన్నాడు కీబిస్. కొద్ది గంటల్లో చనిపోబోయే మనిషి ఆ సందేహాలను ఓపిగ్గా విన్నాడు. తీగలను బట్టి శ్రుతి నడుస్తుంది, ఆత్మ మాత్రం శరీరపు కోరికలకు ఎదురు నిలుస్తుంది అని సిమ్మియాస్‌కు జవాబిచ్చాడు. తత్వశాస్త్రంలో ఇంతకన్నా గొప్ప సన్నివేశం ఉందా?

మీరు రోజూ పారాయణ చేసే కఠోపనిషత్తులోని రథం ప్లేటో ‘ఫీడ్రస్’లోనూ ఉంది. కానీ ఒక తేడా. ఉపనిషత్తులో ఆత్మ రథంలో కూర్చున్న యజమాని. బుద్ధి సారథి, ఇంద్రియాలు గుర్రాలు. ప్లేటోకు సారథీ, సాధు గుర్రం, మొండి గుర్రం కలిసే ఆత్మ. పోరాటమంతా దాని లోపలే.

అరిస్టాటిల్ బోధించిన లైసియం 1996లో, కొత్త మ్యూజియం కోసం తవ్వుతుండగా బయటపడింది. ఇప్పుడక్కడ మిగిలినవి కురచ గోడలే. కన్ను ఒక ప్రాణి అయితే చూపే దాని ఆత్మ అన్నాడాయన. కన్ను పోయాక చూపు వేరే చోట బతకదు. అయినా నావలో నావికుడిలా ఆత్మ దేహంలో ఉంటుందా అన్నది ఇంకా స్పష్టం కాలేదని తనే రాసి పెట్టాడు.

రథం శ్లోకాల దగ్గర మీరు రాసుకున్న వ్యాఖ్యను తమ్ముడితో ఫొటో తీయించి పంపండి.