ఇంటికి వచ్చిన పాఠం

పాతికేళ్ళుగా మదర్సాలో ఫిఖహ్ బోధిస్తున్నాను. గత్యంతరం లేనప్పుడు నిషిద్ధమైనదానికి కూడా అనుమతి లభిస్తుందన్న సూత్రాన్ని ఎందరో విద్యార్థులచేత వల్లె వేయించాను. ఆ సూత్రం బరువెంతో నా కూతురు ఏడో నెల గర్భంతో పుట్టింటికి వచ్చినప్పుడు గాని నాకు తెలియలేదు.

ఆమె ఎడమ కాలు పిక్క నుంచి తొడ వరకు వాచింది. గర్భవతులకు కాళ్ళు వాయడం మామూలేనని అందరం అనుకున్నాం. కాని రెండు కాళ్ళూ వాయడం వేరు, ఒక్క కాలే వాచి నొప్పి పెట్టడం వేరు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టినట్లు డాప్లర్ స్కాన్‌లో తేలింది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయమని చెప్పి, డాక్టరమ్మ ఎనాక్సపారిన్ సూదులు రాశారు. మాత్రలు ఇవ్వకూడదా అని అడిగాను. వార్ఫరిన్ మాత్ర మాయను దాటి బిడ్డకు హాని చేయగలదనీ, ఈ సూదిమందు మాయను దాటదనీ వివరించారు.

మొదటి సూది ఆస్పత్రిలోనే వేశారు. రెండోది రాత్రి ఇంటివద్ద వేయాలి. ఇంతలో ఆ మందు పంది పేగుల నుంచి తయారవుతుందని అల్లుడు చదివి చెప్పాడు. ఇల్లంతా మౌనం ఆవరించింది. "అబ్బా, మీరెలా చెబితే అలాగే" అన్నది అమ్మాయి. ఇన్నేళ్ళు బోధించిన నాకు నోరు పెగలలేదు. ఆ రాత్రి సూది పడలేదు.

తెల్లవారగానే ఆస్పత్రికి వెళ్ళి రెండే ప్రశ్నలు అడిగాను. ఈ మందు తప్పనిసరా? దీనికి సమానమైనది మరొకటి ఉందా? పందితో సంబంధం లేని ఫోండాపారినక్స్ ఉన్నదనీ, అయితే గర్భవతులకు దానిని వాడిన అనుభవం తక్కువ కనుక హెపారిన్ పడనివారికే సాధారణంగా ఇస్తారనీ ఆమె చెప్పారు. నాకు జవాబు దొరికింది. బఖరా సూరా 173వ ఆయత్‌లో పంది మాంసం నిషేధమూ, గత్యంతరం లేనివారికి మినహాయింపూ పక్కపక్కనే ఉన్నాయి. నేను లెక్కలేనన్నిసార్లు పఠించిన ఆయతే అది! ఇంటికి వచ్చి, "వేయించుకో బేటీ" అన్నాను.

కాన్పుకు తేదీ నిర్ణయించి 24 గంటల ముందే సూది ఆపించారు. ముందే నొప్పులు మొదలైతే సూది వేసుకోకుండా రమ్మన్నారు. కాన్పు తర్వాత రక్తస్రావం అదుపులో ఉన్నదని చూసి మళ్ళీ మొదలుపెట్టారు. కాన్పుతో ముప్పు తీరిపోదు, తర్వాతి ఆరు వారాలూ మరింత జాగ్రత్త అవసరమట. అందుకే చిల్లా నలభై రోజులూ బాలింతను మంచం దిగనివ్వని ఆచారాన్ని పక్కనపెట్టి, ఆమెను రోజూ నడిపించాం. అల్‌హందులిల్లాహ్, తల్లీబిడ్డలు క్షేమం.

ఆ ఒక్క రాత్రి జాప్యానికి నేటికీ సిగ్గుపడతాను. సందేహం కలిగితే ఆలిమ్‌నూ, వైద్యుణ్ణీ ఇద్దరినీ అడగండి. అడిగేలోపు మాత్రం మందు ఆపకండి.