మొదటి పందెమునకు ముందు

ఈ సంవత్సరపు సంచికకు మమ్ము కూడ నొక వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరిరి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో బోధనాపద్ధతులు నేర్చి, ఇరువదేండ్లుగా పాఠములు చెప్పుచున్న మావంటివారు వ్యాకరణమును గుఱించియో, క్రమశిక్షణను గుఱించియో వ్రాయుదురని చదువరులు తలంపవచ్చును. కాని మేము వ్రాయబోవునది మూరెడు పొడవుగల యొక యాటలారీని గుఱించి.

విదేశమున నుద్యోగము చేయుచున్న మా పూర్వవిద్యార్థి యొకడు గత క్రిస్మసునకు నాదెండ్లకు వచ్చి, మన విజ్ఞాన సంఘమున కీ బండిని కానుకగా నిచ్చిపోయెను. ఇది నిజమైన లారీలో పదియవవంతు. దీనికి త్రాడు లేదు. చేతిలోని పెట్టెనుండి వెలువడు రేడియో తరంగములే దీనికి పగ్గములు. ఈ విద్య క్రొత్తది కాదు. 1898వ సంవత్సరముననే నికోలా టెస్లా యను శాస్త్రజ్ఞుడు న్యూయార్కు నగరమున నొక చిన్న పడవను రేడియో తరంగములతో నడిపి చూపెను.

దీని యింజను రెండు స్ట్రోకులది. మిథనాలు, నైట్రోమీథేను, నూనె కలిసిన ద్రవము దీని కాహారము. నైట్రోమీథేను తనయందే ప్రాణవాయువును దాచుకొని యుండుటచే, అదే గాలితో నెక్కువ యింధనము మండి బలము హెచ్చును. మా డబ్బాలో నది నూటికి 20 పాళ్లు. కలుపు నూనెలలో మన ఆముదము కూడ నొకటి యని తెలిసి మా పిల్లలు మిక్కిలి సంతోషించిరి. ఇంజనునకు నిప్పురవ్వతో పని లేదు. 1947లో రే ఆర్డెన్ అను అమెరికావాసి ప్రచారములోనికి తెచ్చిన గ్లో ప్లగ్గునందలి ప్లాటినపు తీగచుట్టను మొదట బ్యాటరీతో నెఱ్ఱగా కాల్చినచో, తరువాత మిథనాలు ఆవిరి సోకి యది తనంతట తానే వేడిగా నుండును. మిథనాలు విషమనియు, కడుపులో పడినచో కన్నులు పోవుననియు, దాని మంట పగటివేళ కంటికి కానరాదనియు పిల్లలకు ముందుగా బోధించి, ఇంధనము పోయు పని మేమే చేసితిమి.

గుంటూరునకు సమీపమున కొందరు యువకులు మట్టిమైదానమున నిట్టి బండ్లకు పందెము పెట్టుచున్నారని తెలిసి, మన పాఠశాల పేరు కూడ నిచ్చితిమి. పల్నాటివారికి పందెమన్న నెంత యుత్సాహమో వేఱుగ చెప్పనేల? ఒంగోలు గిత్తలు బండలాగు చోట మన యూరి జనము తిండి మఱచి నిలుచుందురు. కోడిపందెము చివరకు కారెంపూడి రణరంగమునకు దారితీసిన కథయు మనదే.

బండిని సిద్ధపఱచు పనికి పదవ తరగతి విద్యార్థి నొకనిని ఎంచుకొంటిమి. తండ్రి లేని బాలుడు. తల్లి మిరపకాయలు కోయుటకు కూలికి పోవును. వాడు సెలవు దినములలో ట్రాక్టర్లు బాగుచేయు పాకలో పనిచేయును. మాకు పుస్తకజ్ఞానము, వానికి చెవిజ్ఞానము. ఇంజను మూలుగు వినియే దాని యారోగ్యము చెప్పగలడు.

క్రొత్త యింజనును వెంటనే పరుగెత్తింపరాదు. పిస్టను తిరుగు గొట్టము పైభాగమున కొంచెము సన్నముగా నుండును. చల్లగా నున్నపుడు పిస్టను అచ్చట బిగిసి, వేడెక్కినపుడు సరిపడును. ఈ రెండు లోహములు ఒండొంటికి అలవాటు పడువఱకు, ఇంధనము హెచ్చుగా, గాలి తక్కువగా ఇచ్చి, నెమ్మదిగా నడిపి, చల్లార్చి, మరల నడుపవలెను. ఆపిన వెంటనే పిస్టనును క్రిందికి దించి యుంచవలెను. కోడెలను కాడికి మప్పునపుడు మొదటి దినముననే బండ కట్టు రైతు ఎవడైన నుండునా? ఐదు ట్యాంకులిట్లు నడుపవలెనని నిశ్చయించుకొంటిమి. కార్బురేటరు సూదిని కుడివైపు త్రిప్పిన ఇంధనము తగ్గి వేగము హెచ్చును. కాని నూనె ఇంధనములోనే యున్నది. ఇంధనము తగ్గిన నూనెయు తగ్గును, వేడి పెరుగును. అందుచే బాలుడు సూది యుండవలసిన చోట ఎఱ్ఱసిరాతో గీత పెట్టెను.

నాలుగవ ట్యాంకు నాడు ప్రధానోపాధ్యాయులవారును, చాలమంది విద్యార్థులును చూడవచ్చిరి. బండి పొగలు క్రక్కుచు నత్తవలె నడచుచుండెను. పిల్లలు నవ్వసాగిరి. ఇంజను తలపై నీటిచుక్క వేసి వేడి పరీక్షించుటకై బాలుడు నీరు తేబోయెను. అప్పుడు మాలోని గర్వము మేల్కొనినది. ఎవ్వరును చూడకుండ సూదిని పావువంతు కుడికి త్రిప్పితిమి. పొగ పోయెను. బండి బాణమువలె దూసికొనిపోయెను. చప్పట్లు మ్రోగెను. రెండు నిమిషములు గడువకమునుపే కీచుమని యాగి, ఇంజను బిగిసిపోయెను. బాలుడు తెచ్చిన నీటిలో నొక చుక్క దానిపై పడగానే చుఱ్ఱుమని క్షణములో మాయమాయెను.

“ఆ ట్రాక్టర్ల కుఱ్ఱవాడు ఏదో కెలికియుండును” అని ఎవరో యనిరి. మఱికొందఱు తలలూపిరి. బాలుడు మావంక చూచెను. మేము మాటాడలేదు. ఆ మౌనమే మా తప్పు. సూది త్రిప్పుట దానిముందు లెక్కలోనిది కాదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఉదయమున పాఠశాలకు పోవుసరికి వాడు ప్రయోగశాల వాకిట కూర్చుండి యుండెను. “మాస్టారూ, సూది గీత మీద లేదండి” అని మాత్రము చెప్పి తల వంచుకొనెను. నిందయు లేదు, ఫిర్యాదును లేదు. వాడు రాత్రియే సర్వము గ్రహించి, మా మర్యాద కాపాడుటకై ఎవ్వరితోను చెప్పలేదు.

ఆ దినపు ప్రార్థనా సమావేశమున అందఱి యెదుట నిలిచి, “నిన్న ఇంజనును పాడుచేసినది ఈ బాలుడు కాదు, మేమే. వానిపై నింద పడుచుండగా ఊరకున్నదియు మేమే” అని చెప్పి, వానిని క్షమింపుమని కోరితిమి. ఇన్నేండ్ల యుద్యోగములో మా కాళ్లు వణకిన దినమదియే. వాడు సిగ్గుపడి, “పోనీండి మాస్టారూ, ఇంజను తిరుగునేమో చూతము” అనెను.

గ్లో ప్లగ్గు తీసి చూడగా తీగ తెగిపోయి యుండెను. లోపల కొన్ని నూనెచుక్కలు విడిచి, బాలుడు చక్రమును మెల్లమెల్లగా అటునిటు కదల్చెను. చాలసేపటికి పిస్టను కదలెను. క్రొత్త ప్లగ్గు బిగించి, సూదిని ఎఱ్ఱగీతకు తెచ్చి, మిగిలిన ట్యాంకులు వాని యిష్టప్రకారము నడిపితిమి.

పందెమునకు ముందునాటి సాయంకాలమున వాడు చేసిన పనులు చదువరులకు పనికివచ్చునని చెప్పుచున్నాము. పళ్లచక్రముల నడుమ సన్నని కాగితపుముక్క నుంచి బిగించి, పిదప దానిని తీసివేసి, వలసినంత సందు మిగిల్చెను. లోహములో దిగు మరలకు ఊడిపోకుండ జిగురు పూసెను. మన నల్లరేగడి దుమ్ము లోపలికి పోయిన పిస్టను అరిగిపోవును గనుక, గాలివడపోత నురుగును కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించెను. బ్యాటరీలు నింపెను. చివరకు చక్రములను పైకెత్తి పట్టి, చేతిపెట్టెను ఆర్పి చూచెను. తరంగము తెగిన బండి తనంతట తానే బ్రేకు వేసికొనవలెను. వేసికొనెను. “ఇది లేకున్న జనములో పడునండి” యని వాడనెను.

మఱునాడు ఆరు బండ్లు పరుగెత్తినవి. పెట్టె పట్టినవాడు బాలుడే. మేము ఇంధనపు సీసా పట్టి ప్రక్క నిలిచితిమి. నడుమ మూడు బండ్లు ఆగిపోయినవి. మా బండి మూడవదిగా గమ్యము చేరెను. బహుమతి రాలేదు. పరుగు ముగియగనే వాడు నీటిచుక్క వేసి చూచెను. అది నాలుగు లెక్కించువఱకు నిలిచి, మెల్లగా ఆవిరియైనది. వాడు మావంక చూచి నవ్వెను.

ఆ బండి నేడు ప్రయోగశాల బీరువాలో నున్నది. చూడగోరు విద్యార్థులు చూడవచ్చును. సూదిని మాత్రము ఆ బాలుని అడుగక ఎవ్వరును త్రిప్పరాదు. ఈ నియమము ఉపాధ్యాయులకు కూడ వర్తించును.