స్నానగృహంలో దర్పణం



మా కుమారుడు నూతన గృహం నిర్మించుకున్నప్పుడు స్నానగృహపు గోడకు పెద్ద అద్దం అమర్చుదామన్నాడు. నేను సమ్మతించలేదు. "నాయనా, విభూతి రేఖలు దిద్దుకోవడానికి అరచేతిలో ఇమిడే అద్దం చాలదా? దేహాన్ని అదేపనిగా చూసుకోవడం దేహాభిమానానికి హేతువు" అన్నాను. నేను చదివిన వేదపాఠశాలలో అద్దమే ఉండేది కాదు. ఆ అలవాటునే వైరాగ్యమని భావించేవాణ్ణి.

గత మార్గశిరంలో ఒక ప్రాతఃకాలాన ఆచమనం చేస్తుండగా ఉదకం కుడి పెదవి అంచు నుండి జారిపోయింది. కుడి కన్ను మూతపడలేదు. ముఖంలోని నాడి చచ్చుబడిందని, ప్రాణభయం లేదని వైద్యులు చెప్పారు. ఆయుర్వేదం దీనిని అర్దితవాతమంటుంది. నా భయం వేరు. పెదవులు కలవనిదే పవర్గం పలకదు. తైత్తిరీయ శీక్షావల్లి ఉచ్చారణకు చెప్పిన ఆరు అంశాలలో మొదటిది వర్ణం. నమశ్శబ్దంలోని మకారమే దక్కని నోటితో స్వామి సన్నిధిలో నమకం ఎలా చెప్పను? అర్చన మా తమ్ముడికి అప్పగించి మండపంలో మౌనంగా కూర్చున్నాను.

ముఖ వ్యాయామాలు నేర్పిన వైద్యుడు అద్దం ఎదుట నిలబడే చేయమన్నాడు. చూసుకోకపోతే ఆరోగ్యంగా ఉన్న పక్కే పనంతా చేసేస్తుందట. కండరాలకు ఊతమివ్వడానికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కనుక చేతి అద్దం పనికిరాదు. మా కుమారుడు ఒక్క మాటైనా అనకుండా అద్దం తెచ్చాడు. నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు, 5 మిల్లీమీటర్ల మందం, సుమారు 14 కిలోల బరువు. మేస్త్రీ కుళాయిలకు నిటారుగా పైనున్న చోటు విడిచిపెట్టాడు. లోపల నీటి గొట్టాలు ఉంటాయి. టైల్స్ పగలకుండా టేపు అంటించి నెమ్మదిగా రంధ్రాలు చేశాడు. చెమ్మ నిలిస్తే వెనుక పూత నల్లబడుతుందని గోడకూ అద్దానికీ నడుమ కొంత సందు ఉంచాడు.

ఎదుట నిలబడి చూసి, "అద్దం ఒక పక్కకు ఒరిగింది" అన్నాను.

మేస్త్రీ మారుపలకక రసమట్టం ఆనించి చూపాడు. బుడగ నట్టనడుమ నిలిచింది. మా కుమారుడు తల దించుకున్నాడు. వంకర అద్దానిది కాదు.

ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదవ అధ్యాయంలోని ఇంద్ర విరోచనుల కథ పాఠకులకు విదితమే. ఆత్మజ్ఞానార్థులై 32 సంవత్సరాలు బ్రహ్మచర్యం పాటించిన వారిద్దరినీ అలంకరించుకొని నీటిపాత్రలో చూసుకోమన్నాడు ప్రజాపతి. విరోచనుడు ప్రతిబింబంతో తృప్తుడై వెళ్లిపోయాడు. దేహం అలంకృతమైతే అలంకృతమయ్యేది, దేహం కుంటిదైతే కుంటిదయ్యేది ఆత్మ ఎలా అవుతుందని సంశయించి ఇంద్రుడు తిరిగి వచ్చాడు. మొత్తం 101 సంవత్సరాలు గురుసన్నిధిలో గడిపాడు. ఈ కథను ఎన్నో ప్రవచనాలలో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నన్ను ఇంద్రుని పక్షానే ఎంచుకున్నాను.

మంత్రం కోసమే దుఃఖిస్తున్నాననుకున్నాను. ఆ దుఃఖంలో సగం ముఖం కోసమేనని అద్దం ఎదుట తెలిసింది. సుందర ప్రతిబింబానికి మురిసినవాడూ, వికృత ప్రతిబింబానికి కుంగినవాడూ చేసే పొరపాటు ఒక్కటే. చిన్న అద్దంతో గడిపిన ఇన్నేళ్లూ నాకున్నది వైరాగ్యం కాదు, పరీక్ష ఎదురుకాకపోవడం మాత్రమే.

పూరీ క్షేత్రంలో జగన్నాథునిది దారువిగ్రహం. నిత్యం అవకాశ సేవలో దర్పణంలోని ప్రతిబింబానికే స్నానం జరుగుతుంది. బింబానికి తడి అంటదు. వేన్నీళ్ల ఆవిరి పట్టిన అద్దాన్ని తుడిచి నిలబడిన ప్రతి ఉదయం ఆ సేవ గుర్తుకు వచ్చేది. ఒరిగిన పెదవిని చూస్తున్న చూపు ఒరగలేదు. అలాగని వ్యాయామం మానలేదు. ఉపాసనకు దేహమే ఉపకరణం కదా.

మహాశివరాత్రి నాటికి మకారం తిరిగి వచ్చింది. పెదవి మాత్రం నేటికీ కొద్దిగా వంకరే. స్వామికి ఛత్ర చామరాలతోపాటు దర్పణం సమర్పించడం నిత్యోపచారం. 30 ఏళ్లుగా ఆ సేవ చేస్తున్నా, అద్దం వెనుక భాగమే నా వైపు ఉండేది. ఇప్పుడు దర్పణం చూపేటప్పుడు నా ముఖం ఎలా ఉందోనన్న చింత లేదు; నమశ్శబ్దం పూర్తిగా పలికిందా అన్న జాగ్రత్త ఒక్కటే ఉంది.